తాతగారు కట్టిన వాల్వు రేడియోకి ప్లగ్గు పెట్టే ముందు

మీ తాతగారు సొంతంగా కట్టుకున్న వాల్వు రేడియో సోంపేట దగ్గర పాతింటి అటక మీద దొరికిందని రాశారు. కంపెనీ పేరు లేదు, సర్క్యూట్ కాగితం లేదు, డయల్ స్థానంలో పెన్సిల్ గుర్తులు పెట్టిన అట్ట ఉందన్నారు. ఆ అట్ట మీద విజయవాడ, సిలోన్ ఉన్నాయి గానీ విశాఖ లేదన్నారు. ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడొచ్చా అని మీ ప్రశ్న. వాల్వులు ఇప్పుడు దొరకవు కాబట్టి లోపలిదంతా తీసేసి బ్లూటూత్ బోర్డు పెట్టేద్దామని మెకానిక్ అన్నాడు, అది మంచిదేనా అని రెండో ప్రశ్న.

అమ్మా, ప్లగ్గు పెట్టకండి. లోపలిది తీయించకండి. ఈ రెండూ ఆపితే మిగతాదంతా నిదానంగా చేసుకోవచ్చు.

విజయనగరంలో నా దగ్గరికి వచ్చే వాల్వు సెట్లలో ఎక్కువ కంపెనీవే. వాటికి సర్వీస్ షీటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఏ పిన్ను మీద ఎన్ని వోల్టులుండాలో అందులో ఉంటుంది. ఎవరైనా పాడుచేసినా మళ్లీ దాన్ని చూసి కట్టొచ్చు. ఇంట్లో కట్టిన సెట్టుకి ఆ వసతి లేదు. అందులో ఉన్న వైరింగే దాని సర్క్యూట్ కాగితం, ఇంకెక్కడా నకలు లేదు. ఒక వైరు తీసి ఎక్కడిదో మరిచిపోతే ఆ ముక్క పోయినట్టే. అందుకే ఇలాంటి సెట్టు బాగుచేయడంలో మొదటి పనిముట్టు సోల్డరింగ్ ఐరన్ కాదు, పెన్సిలు. సర్క్యూట్ మొత్తం గీసుకోకుండా ఒక్క టంకం కూడా కరిగించకూడదు.

గీసే ముందు అది ఏ రకం సెట్టో తేల్చుకోవాలి. మీ ఉద్దానం పల్లెల్లో అప్పట్లో చాలా చోట్ల కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే వాల్వు సెట్టు కూడా కావచ్చు. వాల్వు నంబరు చూస్తే తెలిసిపోతుంది. 1తోనో 3తోనో మొదలైతే, లేదా యూరప్ పద్ధతిలో ‘డీ’ అక్షరంతో మొదలైతే (1ఆర్5, 3ఎస్4, డీకే96 లాంటివి) అది బ్యాటరీ సెట్టు. దాని ఫిలమెంటుకి (వాల్వులో వేడెక్కే సన్న తీగకి) కావాల్సింది 1.4 వోల్టులు, హెచ్‌టీకి (వాల్వుల్ని నడిపే ఎక్కువ వోల్టేజీ లైనుకి) 90 వోల్టుల డ్రై బ్యాటరీ. ఆ 90 వోల్టులు పొరపాటున ఫిలమెంటుకి తగిలాయా, వాల్వులన్నీ ఒక్క క్షణంలో పోతాయి. 6తో గానీ ‘ఈ’తో గానీ మొదలైతే (6వీ6, ఈసీహెచ్81, ఈఎల్84) హీటరు 6.3 వోల్టులది, సాధారణంగా పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు. 12, 35, 50తో మొదలయ్యేవి, లేదా ‘యూ’ అక్షరంతో మొదలయ్యేవి కలిసి కనిపించి, ట్రాన్స్‌ఫార్మర్ కనబడకపోతే అది ఏసీ-డీసీ సెట్టు.

ఈ మూడో రకంతో చాలా జాగ్రత్త. అందులో మెయిన్స్ తీగ ఒకటి నేరుగా చాసిస్‌కే (భాగాలన్నీ బిగించిన రేకుకే) కలిసి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే రేకంతా ఫేజే. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి, ప్లగ్గులోని ఒక్కో పిన్నుకీ చాసిస్‌కీ మధ్య చూడండి. స్విచ్ ఆన్‌లో ఉంచి చూడండి, ఆఫ్‌లోనూ చూడండి. ఎక్కడైనా సున్నాకి దగ్గరగా చూపిస్తే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి వేరుచేసేది) లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. అలాంటి సెట్టు చాసిస్‌కి ఎర్త్ వైరు కూడా కలపకూడదు.

వాల్వు నంబరు చదవడంలో ఒక మెళకువ ఉంది. గాజు మీద దుమ్ము చూసి తడిగుడ్డతో తుడిచేస్తారు చాలామంది. ఆ అచ్చు వేలితో రుద్దినా పోతుంది, పోయాక ఏ వాల్వో చెప్పడం కష్టం. మెత్తటి బ్రష్షుతో, నంబరు ఉన్నచోటు వదిలి దులపండి. సరిగ్గా కనబడకపోతే గాజు మీద నోటితో ఆవిరి ఊది, టార్చి పక్కనుంచి వేసి చూడండి. మాసిపోయిన అక్షరాలు ఆ ఆవిరిలో తేలతాయి. చూసిన వెంటనే రాసుకుని, ఏ సాకెట్‌లోంచి తీశారో చీటీ కట్టండి.

గాజు లోపల పైనో పక్కనో వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది మెరుస్తూ ఉంటే వాల్వులో వాక్యూమ్ ఉన్నట్టు. పాలలా తెల్లబడితే గాలి చొరబడింది, ఇక పనికిరాదు. తర్వాత హీటరు తెగిందేమో మల్టీమీటర్‌తో చూడండి. 6వీ6, 6కే7 లాంటి లావు ఆక్టల్ (ఎనిమిది పిన్నుల సాకెట్) వాల్వులకు 2, 7 పిన్నులు, 5వై3కి 2, 8, ఈసీహెచ్81, ఈఎల్84 లాంటి తొమ్మిది పిన్నులవాటికి 4, 5. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన వాల్వు చాలావరకు పనిచేస్తుంది. పాత రేడియోలో అందరూ ముందు వాల్వుని అనుమానిస్తారు గానీ, అసలు దోషులు కండెన్సర్లు (ఇప్పటి మాటలో కెపాసిటర్లు). పైగా వాల్వులు దొరకవన్నది నిజం కాదు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. వాడకుండా మిగిలిన పాత సరుకు చెన్నై రిచీ స్ట్రీట్‌లో, కలకత్తా చాందినీ చౌక్‌లో ఓపిగ్గా వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. మీకు హౌరా లైను ఉండనే ఉంది.

విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టులో మొదలైంది. విజయవాడ 1948 నుంచే ఉంది. గుర్తుల్లో విశాఖ లేదంటే ఆ అట్ట 1963కి ముందు గీసింది అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేం గానీ, వాల్వుల మీద భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర ఉందా, విదేశీ ముద్ర ఉందా చూసి దీనితో కలిపి ఆలోచించండి.

ఇక గీయడం. చాసిస్‌ని పెట్టెలోంచి బయటికి తీసి, పగటి వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. సాకెట్లకు కింది నుంచి చూస్తూ, గాడి దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే వైపు పిన్నులు లెక్కపెట్టాలి. ఒక్కో సాకెట్‌కి ఒక పెద్ద గుండ్రం గీసి, ఒక్కో పిన్ను నుంచి ఏ వైరు ఎక్కడికి వెళ్లిందో రాయండి. హెచ్‌టీ లైను ఎర్ర పెన్సిలు, హీటరు లైను నీలం. ఏది ఎక్కడికి వెళ్లిందో కంటికి తెలియకపోతే మల్టీమీటర్ బజర్‌తో తేల్చుకోవచ్చు. ఆక్టల్ వాల్వుల్లో కొన్ని పిన్నులు లోపల దేనికీ కలవవు. 6వీ6లో ఆరో పిన్ను అలాంటిదే. ఇంట్లో కట్టుకునేవాళ్లు అదనంగా ట్యాగు స్ట్రిప్పు (వైర్లు కలిపి టంకం వేసే పట్టీ) కొనే బదులు ఆ ఖాళీ పిన్నునే కూడలిగా వాడుకునేవారు. వాల్వు పుస్తకం చూసి ‘ఇక్కడ వైరు ఉండకూడదే’ అని తెంపేస్తారు కొందరు. తెంపకండి, అది తాతగారి లెక్క.

అప్పటి రెసిస్టెన్సుల మీద ఇప్పట్లా పట్టీలు లేకపోవచ్చు. ఒళ్లు రంగు మొదటి అంకె, కొస రంగు రెండోది, మధ్యలో చుక్క సున్నాల సంఖ్య. చదివిన విలువ, కొలిచిన విలువ రెండూ గీసిన కాగితం మీద పక్కపక్కన రాయండి. సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే పక్క దారుల వల్ల తక్కువ చూపించొచ్చు. రాసిన దానికన్నా ఎక్కువ చూపించిందంటే మాత్రం అది పెరిగిపోయినట్టే. పాత కార్బన్ రెసిస్టెన్సుల జబ్బే పెరగడం. 20 శాతం దాటితే మార్చండి, లోపల ఉంటే వదిలేయండి.

ఇప్పుడు కండెన్సర్లు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ప్లగ్గు పెట్టొద్దనడానికి అసలు కారణం ఇదే.

చాసిస్ కింద గోధుమరంగు గొట్టాల్లాంటివి, మైనం చెమర్చినట్టు జిడ్డుగా కనిపిస్తాయి. అవి కాగితం కండెన్సర్లు. మన సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చుకుని ఉంటుంది. మామూలు మల్టీమీటర్‌తో చూస్తే చాలావాటికి ఏ లోపమూ కనిపించదు, ఎందుకంటే మీటరు ఇచ్చేది ఒకటి రెండు వోల్టులే. వంద వోల్టులు పడ్డాక గానీ లీకు బయటపడదు. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్పీకరుని నడిపే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకి (వాల్వులో కరెంటుని అదుపుచేసే జాలీకి) సౌండు చేరవేసే కప్లింగ్ కండెన్సర్. దానికి ఒకవైపు సుమారు 100 వోల్టులు, రెండోవైపు గ్రిడ్డు. గ్రిడ్డు నుంచి కిందికి 4 లక్షల 70 వేల ఓమ్‌ల రెసిస్టెన్సు ఉందనుకోండి. కండెన్సర్ 50 లక్షల ఓమ్‌ల లీకు ఇచ్చినా చాలు, గ్రిడ్డు మీద ఎనిమిదిన్నర వోల్టుల ప్లస్ వచ్చి కూర్చుంటుంది. 6వీ6ని 250 వోల్టుల దగ్గర అదుపులో ఉంచే బయాసే (గ్రిడ్డుని మైనస్‌లో ఉంచే వోల్టేజీ) పన్నెండున్నర వోల్టులు. అందులో మూడింట రెండు వంతులు తినేస్తే వాల్వు విపరీతంగా కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, వెనకే రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు), మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ వంతు. చిన్న కండెన్సర్ కోసం ఇంత నష్టం. ‘ఒక్కసారి పెట్టి చూద్దాం’ అన్న ఆ ఒక్కసారిలోనే ఇదంతా జరగొచ్చు.

కాబట్టి కాగితం కండెన్సర్లన్నీ పరీక్షలు లేకుండా మార్చేయండి. అదే విలువ, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతాయి. మెయిన్స్ తీగల మధ్య ఉన్నదానికి ఎక్స్2 రకం, మెయిన్స్ నుంచి చాసిస్‌కి వెళ్లేదానికి వై2 రకమే వేయాలి, మామూలుది వేయకూడదు. బిళ్లల్లా చదునుగా ఉండే మైకా కండెన్సర్ల జోలికి వెళ్లొద్దు, అవి సాధారణంగా బాగానే ఉంటాయి. చాసిస్ మీద డబ్బాలా నిలబడి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కూడా ఎండిపోయి ఉంటుంది. కొత్తది 450 వోల్టులది చాసిస్ కింద పెట్టి, పాత డబ్బా వైర్లు పూర్తిగా విడదీసి, డబ్బాని మాత్రం పైన అలాగే ఉంచండి. చూడ్డానికి సెట్టు మారదు. రెక్టిఫయర్ పక్కనే ఉన్న మొదటి కండెన్సర్ విలువ పెంచొద్దు. హమ్ (గుయ్‌మనే రొద) తగ్గుతుందని 8 ఉన్నచోట 100 మైక్రోఫారడ్ వేస్తే 5వై3 లాంటి వాల్వు ఆ దెబ్బ తట్టుకోదు.

ఒక్కొక్కటే మార్చండి. ఒకటి తీసి, కొత్తది వేసి, కాగితం మీద టిక్కు పెట్టి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి తీసి కుప్పపోస్తే పని ఆగిపోతుంది.

కరెంటు ఇచ్చే ముందు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చూడాలి. కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తే మంచిది. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది. తీరం పక్క ఊళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది, వెంట్రుకంత తీగకి పచ్చని చిలుము పట్టి తెగిపోతుంది. మోటారు వైండింగ్ చేసేవాళ్లలో సన్న తీగ చుట్టగలిగే ఓపిక ఉన్నవాళ్లు దీన్ని మళ్లీ చుట్టి ఇస్తారు. పాతది విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టమని గట్టిగా చెప్పండి. ప్రైమరీ తెగి ఉండగా, స్పీకరు ఊడదీసి ఉండగా సెట్టు ఆన్ చేయకూడదు. స్పీకరుకి వెనక అయస్కాంతం బదులు పెద్ద కాయిల్, నాలుగైదు వైర్లు ఉంటే అది ఫీల్డ్ కాయిల్ స్పీకరు. ఆ కాయిలే హెచ్‌టీకి చోక్‌గా (కరెంటుని నున్నగా చేసే కాయిల్‌గా) పనిచేస్తుంది. కొత్త స్పీకరు తెచ్చి నేరుగా పెడితే సెట్టు నడవదు.

ఇక కరెంటు. మొదటిసారి నేరుగా కాదు, సీరీస్ బోర్డు ద్వారా. వైండింగ్ షాపుల్లో వాడే సీరీస్ బల్బే: ఫేజుకి వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితే ముందు రెక్టిఫయర్ వాల్వు తీసేసి ఆన్ చేయండి. అప్పుడు హీటర్లే వెలుగుతాయి, హెచ్‌టీ రాదు. బల్బు ఒక్కసారి భగ్గుమని తగ్గితే సరే. తగ్గకుండా పూర్తిగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి. అది దాటాక బల్బు తీసేసి హీటరు వోల్టేజీ కొలవండి. 5.7 నుంచి 6.9 లోపల ఉండాలి. అప్పట్లో 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి మన లైను రాత్రిళ్లు 240 ఇస్తే ఇది పై అంచుకి చేరుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎక్కువ వోల్టేజీ ట్యాపు (తీగ కలిపే మరో కొస) ఉంటే దానికి మార్చండి. అరగంట ఆగి, ప్లగ్గు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. పెట్టలేనంత వేడెక్కితే లోపల చుట్లు షార్టయ్యాయి.

అంతా బాగుంటే రెక్టిఫయర్ పెట్టి, మళ్లీ బల్బు ద్వారానే మొదలుపెట్టండి. ఈసారి 100 వాట్లది. ఇప్పుడు ఔట్‌పుట్ వాల్వు క్యాథోడు వోల్టేజీ మీద కన్నేసి ఉంచండి. బల్బు తీసేశాక 6వీ6 అయితే పన్నెండు దగ్గర, ఈఎల్84 అయితే ఏడు దగ్గర ఉండాలి. బాగా ఎక్కువుంటే వెంటనే ఆపి కారణం వెతకండి.

ఈ దశలో చాసిస్ కింద 250 వోల్టుల పైనే ఉంటుంది. ఇది డీసీ, పట్టుకుంటే ప్రాణం తీస్తుంది. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి, ఇంట్లో మరొకరు ఉండగానే పని చేయండి. ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో ఛార్జి ఉంటుంది, 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టెన్సుతో దాన్ని దింపి, మీటరుతో సున్నా చూశాకే వేలు పెట్టండి. ఇక్కడ మీకు కొంచెం బెరుకుగా ఉన్నా సరే, వాల్వు సెట్లు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. గీయడం, ఫోటోలు, శుభ్రం చేయడం మీరే చేసుకోవచ్చు, హెచ్‌టీ పని నేర్చుకున్న చేతికి వదలండి. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితే మూడు వైర్ల తీగ వేయించి, చాసిస్‌కి ఎర్త్, ఫేజులో అర ఆంపియర్ ఫ్యూజు పెట్టించండి. ఇంట్లో కట్టిన సెట్లలో చాలావాటికి ఫ్యూజే ఉండదు.

సౌండు వచ్చాక చేతులు ఊరుకోవు, ఐఎఫ్ డబ్బాల (స్టేషన్లను విడివిడిగా పట్టే కాయిల్ డబ్బాల) మీద స్క్రూలు తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. అవి 455 కిలోహెర్ట్జ్ చుట్టూ ఒకదానికొకటి సరిపెట్టినవి, సిగ్నల్ జనరేటర్ లేకుండా కదిపితే స్టేషన్లు మొత్తం పోతాయి. పెన్సిల్ గుర్తు ఒకచోట, స్టేషను కాస్త పక్కన దొరికితే కంగారుపడొద్దు. 1978 నవంబరులో మన ప్రాంతంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 10 నుంచి 9 కిలోహెర్ట్జ్‌కి మారింది. స్టేషన్లే కొద్దిగా జరిగాయి. తాతగారి గుర్తు తప్పు కాదు, దాన్ని చెరపకండి. డయల్ దారం తెగితే చేపల వలకి వాడే సన్నని అల్లిక దారం బాగా పనికొస్తుంది, ఒంటి పోగు నైలాను మాత్రం జారిపోతుంది.

పెట్టె గురించి కొద్దిగా. చెదలు తిన్నచోటు ఉంటే బొబ్బిలి వీణలు చేసే పనివాళ్లని అడిగి చూడండి. పనస చెక్కతో పలుచగా, గట్టిగా పని చేయడం వాళ్లకు తెలుసు. పోయిన నాబ్‌కి ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తరిణి పట్టించి లక్క వేయించుకోవచ్చు, మిగిలిన నాబ్ ఒకటి నమూనాగా ఇస్తే చాలు. పెట్టె లోపల వాల్వుల పైన బూడిదరంగు అట్ట అంటించి ఉంటే గీకొద్దు, అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. నిగనిగలాడే కొత్త పాలిష్ వద్దు. దుమ్ము తీసి, పలుచగా మైనం రుద్దితే సరిపోతుంది.

ఏరియల్ లేకుండా సెట్టు గొణుగుతుందే తప్ప పాడదు. రెండు కొబ్బరి చెట్ల మధ్య పదిహేను ఇరవై మీటర్ల రాగి తీగ కట్టి, రెండు కొసలకీ పింగాణీ గుబ్బలు వేసి దించుకోండి. ఉరుములప్పుడు దాన్ని సెట్టు నుంచి విడదీయాలి. మీడియం వేవ్ ప్రసారాలు దేశంలో చాలాచోట్ల ఆపేస్తున్నారు కాబట్టి, ముందు ఒక చిన్న ట్రాన్సిస్టర్‌తో అదే ఇంట్లో రాత్రిపూట బ్యాండంతా తిప్పి ఏం వస్తున్నాయో రాసుకోండి. విశాఖ 927 కిలోహెర్ట్జ్ దగ్గర, కటక్ 972 దగ్గర వెతకండి. వినేటప్పుడు ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ ఆపేస్తే సగం రొద పోతుంది.

మిగిలింది బ్లూటూత్. దాని కోసం లోపలిది పీకాల్సిన పనే లేదు. చాలా సెట్లకు వెనక గ్రామఫోను కోసం పికప్ సాకెట్ ఉంటుంది, అది వాల్యూమ్ కంట్రోల్ దగ్గరికి వెళ్తుంది. మీ సెట్టుకి ఉందో లేదో మీరు గీసే సర్క్యూటే చెబుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే, సొంత బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ రిసీవర్ తెచ్చి, ఎడమ కుడి తీగలు రెండూ చెరో కిలో ఓమ్ రెసిస్టెన్సు ద్వారా కలిపి, 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కండెన్సర్ మీదుగా ఆ సాకెట్‌కి ఇవ్వొచ్చు. పాట తాతగారి వాల్వుల్లోంచే, ఆయన ఎంచుకున్న స్పీకరులోంచే వస్తుంది. ఏసీ-డీసీ సెట్టుకి మాత్రం బయటి వస్తువు ఏదీ కలపకూడదు, ఫోనైనా సరే. ముందు వాల్వు నంబర్లు, చాసిస్ కింది ఫోటో పెట్టండి, మీది ఏ రకమో చూసి మిగతాది చెబుతాను.